మధుమేహము గల కర్షకుని పాదములు

అరక దున్నునపుడు ఎద్దు అడుగు తడబడినచో రైతు వెంటనే కాడి విప్పి, గిట్ట యెత్తి, ముల్లు దిగెనో నాడా వదులయ్యెనో చూచును. నేడు ఎడ్లు తగ్గి ట్రాక్టర్లు హెచ్చినను ఆ యలవాటు మన పెద్దలకు జ్ఞప్తియందే యున్నది. అయితే తన యరికాలును అట్లు త్రిప్పి చూచుకొను రైతు అరుదు. నొప్పి కలిగినచో చూచుకొనవచ్చును, లేనిచో చూడవలసిన పని యేమి యని మన తలంపు. ఆరోగ్యవంతునికి ఈ తలంపు చాలును. మధుమేహము గలవానికి మాత్రము చాలదు. ఏలయన, ఆ వ్యాధి ముదిరినకొలది పాదమునకు నొప్పి తెలియుటయే పోవును. నాట్లు, కలుపుతీతలు, కోతలు మొదలగు పనులలో దినమంతయు కాలిమీద నిలుచువారము గనుక, ఈ నెల మే మీ విషయమును గూర్చి కొంత విపులముగ వ్రాయ దలచితిమి.

మధుమేహము కూర్చుండి తినువారి జబ్బనియు, కాయకష్టము చేయువారి దరికి రాదనియు మనవారు చెప్పుకొను కాల మొకటి యుండెను. ఆ కాలము గడచినది. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ననుసరించి మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. వయోజనులలో పట్టణములందు నూటికి 16.4 మందికిని, పల్లెలందు నూటికి 8.9 మందికిని ఈ వ్యాధి యున్నట్లు తేలినది. పల్లెల అంకె చిన్నదిగ గనుపించును గాని, నూఱుగురు సభ్యులు గల సంఘమున ఎనిమిది తొమ్మిదిమంది యీ వ్యాధి గలవారుందు రని దాని యర్థము. వారిలో కొందఱకు తమకు వ్యాధి కలదని తెలియనే తెలియదు. మధుమేహము గలవారిలో నూటికి 19 మొదలు 34 మంది వఱకు తమ జీవితకాలమున నెప్పుడో యొకప్పుడు పాదమున పుండు పడినవా రగుదు రని 2017లో ఈ శాస్త్రమందు ప్రసిద్ధులైన వైద్యులు అంచనా వేసిరి. కాలు తీసివేయవలసి వచ్చిన సందర్భములలో మిక్కిలి భాగము అట్టి చిన్న పుండుతోడనే మొదలైనవి.

చక్కెర హెచ్చి కాలు పోయినదని సామాన్యముగ చెప్పుదురు. అది సగము మాట. చక్కెర పాదమును మొద్దుబార్చును. మొద్దుబారిన పాదమున పుండు పడవేయునది తఱచుగ మనము చేయు పని. పడిన పుండును మాననీయనిదియు తఱచుగ ఆ పనియే. మందుబిళ్ళలు వ్రాసియిచ్చు వైద్యునికి రోగి పొలములో నెన్ని గంటలు ఏ నేలమీద నిలుచునో తెలియదు, అడుగువారును కొలదిమందియే. కావున ఆ భాగమును మనమే యోచించుకొనవలసి యున్నది.

మొదట పాదము మొద్దుబారుట యెట్లో చెప్పెదము. రక్తమున చక్కెర చిరకాలము హెచ్చుగ నుండినచో స్పర్శను తెలుపు నాడులు చెడును. పొడవైన నాడులు ముందుగ చెడును గాన కాలివ్రేళ్ళ కొసలలో నీ చెడుగు ప్రారంభమగును. కొందఱకు తిమ్మిరి, మంట, చీమలు ప్రాకినట్లుండుట, దూదిమీద నడచినట్లుండుట మున్నగు గుఱుతులు గనుపించును. మఱికొందఱ కేగుఱుతును లేకయే స్పర్శ పోవును. నడచుచుండగా చెప్పు జాఱి వెనుక పడిపోయినను తెలియకుండుట యిట్టివారియందు కాననగును. అరికాళ్ళ మంట కొన్నియేండ్లు బాధించి, పిదప దానంతట అదియే తగ్గినదని సంతోషించువారు కలరు. మంట తగ్గుట మేలునకే కావచ్చును, నాడి పూర్తిగ చచ్చుటవలన నైనను కావచ్చును, పరీక్షింపక సంతోషింపరాదు.

చెమటను పోయించు నాడులును చెడుటచే అరికాలు పొడిబారి మడమలు పగులును. పాదమందలి చిన్న కండరములు క్షీణించి వ్రేళ్ళు గోళ్ళవలె వంగును. అంతట దేహభారమంతయు వ్రేళ్ళ మొదళ్ళమీద పడి, అచ్చట చర్మము గట్టిపడి ఆనెకాయ లేర్పడును. ఆనెకాయ క్రింద నొత్తుకొని రక్తము గూడి, పైకి గనుపించకయే లోపల పుండు తయారగును. దీనికి తోడు కాలి రక్తనాళములు ఇఱుకై నెత్తురు చాలినంతగ చేరదు. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చువారికి ఈ యిఱుకు మఱింత త్వరగా వచ్చును.

ఇక మన పనుల సంగతి.

వరిమడిలో నాటువేయు స్త్రీలు ఉదయము మొదలు సాయంకాలము వఱకు బురదలో నుందురు. చర్మము నాని తెల్లబడి, వ్రేళ్ళ సందులు ఒరసి పాచిపోవును. ఒరసిన చర్మము తెఱచిన వాకిలి వంటిది. బురదలోని సూక్ష్మజీవు లన్నియు లోనికి ప్రవేశించును. ఆరోగ్యవంతురాలికి ఆ రాత్రి మంట పుట్టును, మఱునాడు ఆమె పసుపో నూనెయో రాచుకొని జాగ్రత్తపడును. స్పర్శ పోయిన యామెకు మంట లేదు గనుక మఱునాడును మడిలోనికే దిగును. తడి నేలలలో, వరిమడులలో నివసించు ఒక సూక్ష్మజీవి వలన మెలియాయిడోసిస్ అను జబ్బు పుట్టును. దక్షిణ భారతమునను, థాయిలాండునను, ఉత్తర ఆస్ట్రేలియాలోను వానకాలమున నిది హెచ్చు; మధుమేహము గలవారికే యెక్కువగ సోకును; ఊపిరితిత్తులకును రక్తమునకును వ్యాపించి ప్రాణము దీయగలదు. కాలి గాయములతో బురదలోనికి దిగుట దీనికి రాజమార్గము.

కోత ముగిసిన పొలమున వరి కొయ్యలు, చెఱకు నరికిన మోళ్ళు, పత్తి కట్టె పీకగా విఱిగి మిగిలిన మొదళ్ళు వాడిగా నుండి గుచ్చుకొనును. యంత్రము కోసిన పొలము సమముగ గనుపించును గాని దాని కొయ్యలు కాలికి కత్తివంటివే. గట్లమీద సర్కారు తుమ్మ యెల్లెడల వ్యాపించినది. దాని ముల్లు పలుచని రబ్బరు చెప్పును దూసికొని వచ్చును. విఱిగి లోపల మిగిలిన ముక్కతో మధుమేహి వారముదినములు నడచును. చీము పట్టి జ్వరము వచ్చినపుడు గాని సంగతి బయటపడదు.

ఎండ సంగతి మఱియొకటి. కోతయంత్రములు వచ్చి వరి కళ్ళములు తగ్గినవి గాని మిరప కళ్ళములు తగ్గలేదు. గుంటూరు, ఖమ్మము ప్రాంతములలో మార్చి, ఏప్రిలు నెలల యెండలో మిరపకాయను ఆరబోసి, త్రిప్పుటకు దినమున కెన్నిమారులో అందు నడతురు. మొక్కజొన్నను సిమెంటు గచ్చుమీద, తారురోడ్డుమీద ఆరబోయుదురు. కాలు చురుక్కుమన్నవాడు గంతువేసి నీడకు పోవును. చురుకు తెలియనివాడు నిలిచి పని ముగించును. సాయంకాలమునకు అరికాలు బొబ్బ లెత్తియుండును. ట్రాక్టరు ఇంజను ప్రక్కనుండు వేడి, మోటారు సైకిలు పొగగొట్టము, వేసవి మిట్టమధ్యాహ్నమున దేవాలయపు రాతిపఱపుమీద చేయు ప్రదక్షిణము, ఇవన్నియు ఆ జాతివే.

రాత్రి నీరు కట్టబోవునపుడు చెప్పులు గట్టుమీద విడిచి చీకటిలో కాలువలోనికి దిగుట మన యలవాటు. యూరియా చల్లునపుడు పలుకులు తడికాలి కంటుకొని పగుళ్ళలో చేరుట, చేపల చెఱువులలో పనిచేయువారి కాళ్ళు దినమంతయు నానుట, వీనిని విస్తరింప నక్కఱలేదు. చదువరులకు మాకంటె నెక్కువ తెలియును.

ఈ విషయమున లోకమునకు కన్ను తెఱపించిన పరిశోధన మనకు మిక్కిలి దూరమున జరుగలేదు. చిత్తూరు సీమవారికి చిరపరిచితమైన వేలూరు పట్టణమందలి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన కుష్ఠరోగుల చేతులను, కాళ్ళను పరీక్షించుచు వచ్చెను. కుష్ఠమున చేతులు కాళ్ళు వాటియంతట అవియే క్రుళ్ళిపోవునని అప్పటి నమ్మకము. ఒకనాడు తుప్పుపట్టిన తాళమును ఆయన త్రిప్పలేకపోగా, ఒక రోగి బాలుడు తాళపుచెవి నందుకొని చిటికెలో త్రిప్పివేసెను. చూడగా వాని వ్రేలు ఎముక వఱకు తెగియుండెను. బాలునికి నొప్పియే లేదు. వాని బలము నొప్పి లేమియే గాని వేఱుకాదు. కొందఱు రోగుల వ్రేళ్ళు రాత్రికి రాత్రి మాయమగుచుండుట చూచి కాపుగాయగా, నిద్రించువారి వ్రేళ్ళను ఎలుకలు కొఱుకుచున్నవని తేలెను. పిమ్మట రోగులకు పిల్లులను పంచిపెట్టిరి. ఇది నవ్వదగిన చికిత్స గాదు. మొద్దుబారిన పాదము గల మధుమేహి గోదాములోనో, పాకలోనో, పొలముకాడనో నేలమీద పండుకొన్నచో నేటికిని ఎలుక కొఱుకుట కలదు. కాళ్ళు కడిగి, దోమతెర అంచులు పఱుపు క్రిందికి చెక్కుకొని పండుకొనవలయును.

బ్రాండ్ గారు ఆ పిదప అమెరికాలో లూసియానా రాష్ట్రమందలి కార్విల్ కుష్ఠ చికిత్సాలయమున పనిచేసిరి. అచ్చట వారును వారి సహచరులును ఎలుకల అరికాళ్ళపై యంత్రముతో మితమైన ఒత్తిడిని దినమునకు వేలకొలది పర్యాయములు కలుగజేసిరి. ఒక్క పోటుకు చర్మము చెడునట్టి ఒత్తిడి గాదది. మనము నడచునపుడు కలుగునట్టిదియే. విరామము లేక ప్రతిదినమును అట్లు చేసినచో కొలది దినములలో వాపు పుట్టి పుండు పడెను. ఒత్తిళ్ళ సంఖ్య తగ్గించి, నడుమ విశ్రాంతి దినములు కల్పించినచో పుండు పడుటకు మాఱు చర్మము దళసరి యయ్యెను. మా యభిప్రాయమున కర్షకుడు తెలిసికొనవలసిన సంగతులలో నిది మిక్కిలి ముఖ్యమైనది. ముల్లు, మేకు, నిప్పు మాత్రమే శత్రువులు గావు. ఒకేచోట, ఒకే రీతిని, నిన్న నొచ్చినచోటనే నేడును పడు అడుగును శత్రువే. ఆరోగ్యవంతుడు నొచ్చినచోటు తప్పించి కొంచెము ప్రక్కకు మోపుచు, తనకు తెలియకయే కుంటును. ఆ కుంటుటయే వాని పాదమును కాపాడును. మధుమేహి కుంటడు.

అటులైన మధుమేహి పని మానివేసి కూర్చుండవలయునా? అక్కఱలేదు. సుశ్రుతసంహిత ప్రమేహ చికిత్సలో నడకను విధించినది. నిర్ధనుడైన రోగి చెప్పులు గొడుగు లేక నూఱు యోజనములు నడవవలె నని యందున్నది. నడక, కాయకష్టము చక్కెరను తగ్గించునను విషయమున నేటి శాస్త్రము ఆ పెద్దలతో నేకీభవించును. చెప్పులు లేక యను మాటను మాత్రము స్పర్శ పోయినవారు పాటింపరాదు. పని యెంత యనుటకంటె పని యెట్లు వచ్చుచున్నది యనునది ముఖ్యము. అమెరికాలో నూఱుగురు రోగుల నడకను కొలిచి 2004లో ప్రకటించిన యొక పరిశీలనమున, పుండు పడినవారు మొత్తముమీద హెచ్చుగ నడచినవారు గారని తేలినది. వారి నడక దినమున కొక రీతిగ నుండెను. ఒకనాడు మిక్కిలి తక్కువ, ఒకనాడు మిక్కిలి యెక్కువ. పుండుపడినవారు ఎనిమిదిమందియే గనుక దానిని తుదిమాటగ గొనరాదు గాని, మన సేద్యపు తీరును చూచినచో ఆ మాట మనసునకు పట్టుచున్నది. వేసవి రెండు నెలలు అరుగుమీద గడపి, తొలకరి పడగానే తెల్లవారుజామున లేచి దీపములవేళ వఱకు పొలములో తిరుగుట మన వాడుక. మెత్తబడిన పాదముమీద పదిదినములలో ఋతువు భారమంతయు పడును. తొలకరికి నెల ముందుగనే దినదినము కొంచెము కొంచెముగ నడక పెంచుకొనుట, నాట్లనాడు మధ్యమధ్య కూర్చుండి కాళ్ళు తుడిచి చూచుకొనుట, ఖర్చు లేని యుపాయములు.

పుండు పడిన పిమ్మట మార్గ మొక్కటియే: దానిమీద మోపు పడకుండ చేయుట. మందులు, కట్లు దాని తరువాత. అరికాలి ముందుభాగమున పడిన పుండునకు మోకాలివఱకు విప్పరాని పట్టీ వేయుట మేలని అంతర్జాతీయ వైద్యసంఘముల సిఫారసు. రక్తము చాలని కాలికిని, చీముపట్టిన కాలికిని వైద్యుడు వేఱు విధము చూచును. విప్పరానిది యేల? విప్పుటకు వీలైనది యిచ్చినచో రోగులు తొడుగుకొనరు గనుక. 2003లో ప్రకటింపబడిన యొక పరిశీలనమున, అట్టి సాధనమును పుచ్చుకొన్నవారు తమ దినచర్యయందు నూటికి 28 వంతులు మాత్రమే దానిని తొడుగుకొని తిరిగిరి. వారు పుస్తకములు చదువగల, ఆసుపత్రి దగ్గఱనున్న అమెరికా వాసులు. మన కౌలుదారుని, మన నాటుకూలిని తప్పు పట్టుట యెట్లు?

తఱచుగ జరుగు వరుస యిది. నాట్ల నడుమ బొటనవ్రేలి మొదట పుండు గనుపించును. ఆసుపత్రిలో కాలు మోపవద్దని చెప్పుదురు. నారు ముదురుచున్నది; కాలువకు నీరు వంతుప్రకారము వచ్చును, తప్పినచో మఱల దొరకదు; కౌలు ముందే చెల్లించినాడు. కాలికి గుడ్డ చుట్టుకొని రైతు మడిలోనికి దిగును. నాటు స్త్రీలు ముఠాగా కూడి ఎకరమున కింత యని గుత్తకు పనిచేయుదురు. ఒకామె మానినచో ఆమె కూలి పోవుటయేగాక మిగిలినవారిమీద భారము పడును. కావున ఆమె చెప్పదు, కాలిని చీర కుచ్చిళ్ళలో దాచును. పుండు మానుటకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలు పట్టును. వరి పంటకాలము నాలుగు నెలలు. పుండునకును పంటకును ఒకే ఋతువు కావలసి వచ్చుటయే యిందలి చిక్కు. పంట చేతికి వచ్చుసరికి చీము ఎముకను జేరును. ఇట్టివానిని బుద్ధిహీను డనుట మా కిష్టము లేదు. వానికి బదులుగ మడిలోనికి దిగువాడు లేడు, అంతే. పైగా ఒకసారి మానిన పుండు ఏడాదిలోపల నూటికి 40 మందికి మఱల పడునని లెక్క గలదు. కావున ఈ యేర్పాటు ఒక్క ఋతువునకు చాలదు.

చెప్పుల విషయము కొంత నిదానముగ చెప్పవలసి యున్నది. రెండు వ్రేళ్ళ నడుమ పట్టెడతో నిలుచు రబ్బరు చెప్పు మొద్దుబారిన పాదమున నిలువదు. దానిని నిలుపుకొనుటకు వ్రేళ్ళు వంగి పట్టుకొనును, పట్టెడ ఒరసి పుండు చేయును. టైరు చెప్పు, మేకులు కొట్టిన తోలు చెప్పు గట్టివే గాని మేకు పైకి లేచినపుడు తెలియదు. వ్రేళ్ళకు చోటు గలదియు, మడమ వెనుక వారు గలదియు, పైన మెత్తనిదియు, అడుగున ముల్లు దూరనంత గట్టిదియు కావలెను. వేలూరున కుష్ఠరోగుల కొఱకు వాడుకలోనికి వచ్చిన సన్నరంధ్రముల రబ్బరు చెప్పులు, ఎం.సి.ఆర్. చెప్పు లని పిలువబడునవి, నేడు మధుమేహులకును ఇచ్చుచున్నారు. చెప్పులు సాయంకాలమున కొనవలయును, అప్పటికి పాదము కొంత యుబ్బియుండును. క్రొత్తవానిని మొదట గంట, రెండు గంటలు మాత్రమే తొడిగి, విప్పి, ఎఱ్ఱబడినచోటు గలదేమో చూడవలయును. తొడుగుకొనుటకు ముందు ప్రతిసారియు బోర్లించి దులిపి, లోపల చేయిపెట్టి తడవవలయును. చేతికి స్పర్శ మిగిలియుండును గదా.

బురదమడికి తగిన పాదరక్ష మన అంగళ్ళలో సులభముగ దొరకదు. మోకాలి బూటు బురదలో దిగబడి ఊడిపోవును, లోపల నీరు చేరి కాలిని ఇంకను నానబెట్టును. జపాను దేశమున నాట్లకొఱకు కాలి నంటుకొని యుండు పలుచని పొడవాటి రబ్బరు జోళ్ళు వాడుచున్నారు. అట్టివి యిచ్చట దొరకువఱకు, స్పర్శ పోయినవారిని బురదపనికి దింపకుండుటయే మేలని మా నిశ్చితాభిప్రాయము.

కళ్ళములో చెప్పులు తొడుగరాదను ఆచారము మన కందఱకు ప్రియమైనది. ధాన్యరాశి లక్ష్మి, ఆమె యెదుట చెప్పులతో నడచుటకు పెద్దల మనసొప్పదు. మే మా యాచారమును త్రోసిపుచ్చుమని చెప్పుట లేదు. కళ్ళమునకే ప్రత్యేకముగ కడిగి యుంచిన శుభ్రమైన జత నొకదానిని, బయట నెన్నడును వాడనిదానిని, ఇంటి పెద్దలే యీ వ్యాధి గలవారికి తొడిగించినచో అపచార మెట్లగును? ఇంటి లోపలను ఈ జాగ్రత్త వలయును. వంటయింటి నేలమీది సూది, గాజుముక్క పొలములోని ముల్లుకంటె మంచివి గావు.

స్పర్శ యున్నదో లేదో తెలిసికొనుటకు ఇంగ్లండునందలి ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రకటించిన సులభమైన పరీక్ష యొకటి కలదు. రోగిని కన్నులు మూసికొమ్మని, ఇంటివారు చూపుడువ్రేలి కొనతో రెండు పాదములందును బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొసలను ఒకటి రెండు క్షణములు తేలికగా తాకవలయును. ఒత్తరాదు, గిల్లరాదు, గీకరాదు. తాకినపుడెల్ల రోగి చెప్పవలయును. ఆఱింటిలో రెండు గాని అంతకంటె నెక్కువ గాని తెలియనిచో స్పర్శ తగ్గినట్లే. వైద్యునికి పాదములు చూపవలయును. ఈ పరీక్షకు పరికరము లేదు, ఖర్చు లేదు. సభ్యు లీ రాత్రియే చేయవచ్చును.

స్పర్శ తగ్గినవారు ప్రతిదినము దీపము వెలుతురున అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు చూచుకొనవలయును. వంగలేనివారు అద్దమును నేలపై నుంచి చూడవచ్చును, లేదా మనుమనిచే చూపించుకొనవచ్చును. గోరువెచ్చని నీటితో కడిగి, నీటివేడిని మోచేతితో గాని మఱియొకరి చేతితో గాని పరీక్షించి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడవవలయును. అరికాలికి కొబ్బరినూనె రాయవచ్చును, సందులలో రాయరాదు. రెండు పాదములను చేతితో తడవి పోల్చిచూచుట మంచి యలవాటు. ఒక పాదమున ఒకచోట రెండవదానికంటె వేడిగా నున్నచో అచ్చట లోపల వాపు ఆరంభమైనదని యనుమానించి, ఆ దినము నడక తగ్గించి, వేడి తగ్గనిచో వైద్యుని చూడవలయును.

మానవలసినవియు కొన్ని కలవు. ఆనెకాయలను బ్లేడుతో చెక్కుకొనుట, జిల్లేడుపాలు గాని నల్లజీడి నూనె గాని పూయుట, తిమ్మిరికి ఇటుక కాచి కాపడము పెట్టుట. కాపడమువలన కాలిన పాదము కొఱకు మఱల చికిత్స చేయవలసివచ్చుట వైద్యులకు క్రొత్త గాదు. గాయము లేకయే పాదము వాచి, ఎఱ్ఱబడి, వేడెక్కినచో బెణికినదని పసరు కట్టుదురు. తీరప్రాంతములలో బోదకా లని యూరకుందురు. మధుమేహికి అది ఎముకలు లోలోపల చితుకుచుండుటకు గుఱుతు కావచ్చును. అప్పుడును నడచుచునే యున్నచో పాదపు వంపు కూలి పడవ అడుగువలె వెలుపలికి వంగును. పుండునుండి దుర్గంధము, చుట్టును ఎఱుపు ప్రాకుట, వ్రేలు నల్లబడుట, జ్వరము, వీనిలో నేది గనుపించినను ఆనాడే ఆసుపత్రికి పోవలయును; సంతవఱకు, కోతవఱకు ఆగరాదు.

ఇక సంఘములు చేయదగినది. 30 ఏండ్లు దాటినవారికి చక్కెర పరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో జరుపుచున్నారు. ఆశా కార్యకర్తను సంఘకార్యాలయమునకు పిలిచి, సభ్యులు ఎరువులకు వచ్చు దినమున ఆ పరీక్షతోపాటు పాదపరీక్షయు జరిపించుట కష్టము గాదు. ఎరువులు, విత్తనములు అమ్ము గిడ్డంగిలో వెనుక వారు గల చెప్పులు నాలుగు కొలతలవి యుంచి, ఎరువువలెనే అప్పుపై నిచ్చి పంటపై రాబట్టుకొనవచ్చును. పుండుపడిన సభ్యుని మడికి మిగిలినవారు వంతులవారీగ పోయి పనిచేయుట, ఒకరి పొలమున నొకరు మాఱుగా చేయు మన పాతపద్ధతి. ఆ సభ్యుడు తిరిగి యా ఋణమును కూర్చుండి చేయు పనులతో తీర్చవచ్చును: విత్తన మేఱుట, నారుమడి కావలి, లెక్క వ్రాయుట, మోటారు చూచుట. నాటు ముఠాలో స్పర్శ పోయిన యామెకు నారు కట్టలు కట్టు పని, గట్టుపై పని యిచ్చి, వాటా తగ్గింపకుండ ముఠావారితో రైతులు ముందే మాటాడుకొనవలెను. ఒక కుటుంబము కాలు పోగొట్టుకొని అప్పు తీర్పలేకపోవుటకంటె, రెండు నెలల కూలి కొఱకు సంఘము స్వల్ప ఋణ మిచ్చుట పరపతికిని క్షేమము.

నాట్లు మొదలైన పిదప ఎవరికిని తీరిక యుండదు గనుక, రానున్న సర్వసభ్య సమావేశముననే చెప్పుల నిలువ, వంతుల పట్టిక, ఋణము అను మూడు సంగతులను చర్చకు పెట్టవలసినదిగ కార్యదర్శులను కోరుచున్నాము.